ఎడమకి లాగే పెట్టె

ఓడ వచ్చిన రోజున రేవు ముందరి కాలిబాట మీద కాలు మోపడానికి చోటుండదు. పొద్దున దిగేవాళ్ళు దిగి వెళ్ళిపోయాక, మధ్యాహ్నం నుంచి ఎక్కేవాళ్ళు రావడం మొదలవుతుంది. టాక్సీలు, బస్సులు, సొంత కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతాయి. డిక్కీలు తెరుచుకుంటాయి. వారం రోజులు నీళ్ళ మీద తిరిగి రావడానికి కాక, ఇల్లు ఖాళీ చేసి వస్తున్నట్టు పెట్టెలు దిగుతాయి.

ఆ పెట్టెలు అందుకునేవాళ్ళలో ఒకామెను రేవులో అందరూ ప్రశ్నలమ్మ అంటారు. ఇంట్లో ఆమె పెద్దకోడలు. భర్త పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది కాబట్టి అలా పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అయినా తన మనసులో తనను తాను అలాగే అనుకుంటుంది.

ప్రశ్నలమ్మ అనే పేరు ఊరికే రాలేదు. పెట్టె చేతిలోకి తీసుకునే ముందు ప్రతి మనిషినీ ఆమె ఒకటే అడుగుతుంది. "పాస్‌పోర్టులు చేతిలో ఉన్నాయా? మందులు చేతిలో ఉన్నాయా?" ఎంత హడావుడి ఉన్నా, ఎదుటివాళ్ళు ఎంత చిరాకు పడ్డా అడిగి తీరుతుంది. పెట్టె ఒకసారి సామాను పేర్చే ఇనుప బోనులోకి వెళ్ళిందంటే ఇక దాన్ని సాయంత్రం ఓడలో గది గుమ్మం ముందు చూసుకోవలసిందే. మధ్యలో ఎవరు కాళ్ళావేళ్ళా పడ్డా దొరకడం గగనం. పాస్‌పోర్టు అందులో పెట్టుకున్న మనిషి లోపల కౌంటరు దగ్గర నీళ్ళు నములుతూ నిలబడిపోతాడు. ఒకాయన పళ్ళ సెట్టు పెట్టెలో పెట్టేసి, ఓడలో మొదటి భోజనమంతా జావతో సరిపెట్టుకున్నాడట. తిరిగొచ్చినప్పుడు ఆయనే చెప్పి నవ్వాడు. అప్పటినుంచి ముసలివాళ్ళు కనిపిస్తే పళ్ళ సంగతి కూడా అడుగుతోంది.

"ఇంక చాల్లే, వాళ్ళ జాతకాలు కూడా అడిగేట్టున్నావ్" అంటాడు పొడుగాయన. పెట్టెలకు చీటీ కట్టడం ఆమె పని, వాటిని ఎత్తి బోనులో పేర్చడం అతని పని.

ఆ రోజు పెద్దకోడలి వంతు నిజానికి కాలిబాట మీద కాదు, లోపల. మేస్త్రీని బతిమాలి మార్పించుకుంది. కారణం పొడుగాయనకు కూడా చెప్పలేదు. వారం కిందట అత్తగారు ఫోన్ చేసింది. "పెద్దమ్మాయ్, నేను ఓడ ఎక్కుతున్నానే. మీ రేవులోనే. చిన్నది తీసుకెళ్తోంది" అంది. ఆ గొంతులో సంబరం విని, పెద్దకోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆమె మామగారు బతికున్నంతకాలం ఈ రేవులోనే బస్తాలు మోశాడు. అత్తగారు రోజూ అన్నం డబ్బా పట్టుకొచ్చి గోడ బయట నిలబడేది. గోడ మీంచి ఓడ పొగగొట్టం ఒక్కటే కనిపించేది. లోపల ఎలా ఉంటుందని ఒకసారి మొగుణ్ణి అడిగితే, "నాకేం తెలుసు, నేను మూట గట్టు మీదే దింపుతాను" అన్నాడట. ఆ మాట ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి, గుండె కూడా అంత బాగా లేదు. ప్రయాణానికి పనికొస్తుందని డాక్టరు సణుగుతూనే కాగితం రాసిచ్చి, "ఇదే ఆఖరు, మళ్ళీ నా దగ్గరికి రావద్దు" అన్నాడు. ఈ ఓడ తప్పితే ఇంకో ఓడ లేదు.

అంతా బాగానే ఉంది. తీసుకొస్తున్నది చిన్నకోడలు కావడమే బాగాలేదు.

తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేక మూడేళ్ళయింది. అత్తగారిని చూసుకోలేక ఒకళ్ళ మీదికి ఒకళ్ళు తోసుకున్న గొడవ కాదు అది. అత్తగారు నాకు కావాలంటే నాకు కావాలన్న గొడవ. పెద్దకోడలి భర్త పోయిన కొన్నాళ్ళకే చిన్నకోడలు టాక్సీ వేసుకొచ్చి, "అత్తయ్య కాస్త మార్పుగా మా ఇంట్లో ఉంటారు" అని తీసుకెళ్ళింది. మళ్ళీ పంపలేదు. పెద్దకోడలు వెళ్ళి అడిగితే గుమ్మంలో అడ్డంగా నిలబడి, "ఇక ఇక్కడే ఉంటారక్కా" అని నేల చూపులు చూసింది. ఎందుకని అడిగితే ఉలుకూ లేదు పలుకూ లేదు. అంతే, ఆ రోజుతో మాట తెగిపోయింది. ఫోన్ చేసినా చిన్నకోడలు ఎత్తి, హలో కూడా అనకుండా అత్తగారి చేతిలో పెడుతుంది.

"మొగుడు పోతే పోయాడని సరిపెట్టుకున్నాను. అత్తగారిని కూడా ఎత్తుకుపోవాలా అది?" అని పెద్దకోడలు ఇంట్లో గోడలతో అంటూ ఉంటుంది.

మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కిన వేళ టాక్సీ వచ్చి ఆగింది. ముందు చిన్నకోడలు దిగింది. పెద్దకోడలిని చూసి, చూడనట్టు డిక్కీ వైపు తిరిగింది. పెద్దకోడలు నేరుగా వెనక తలుపు తీసింది.

"వచ్చారా అత్తయ్యా. దారిలో ఏమైనా తిన్నారా?"

"తినక వదుల్తుందా చిన్నది? కుక్కి కుక్కి పెట్టింది."

"చిక్కిపోయారు."

"లావయ్యానని మొన్న డాక్టరు చీవాట్లు పెట్టాడు. నీ కళ్ళకి నేనెప్పుడూ చిక్కినట్టే ఉంటాను" అంటూ అత్తగారు ఆమె చెంప నిమిరింది.

చక్రాల కుర్చీ విప్పి, ఇటొకరు అటొకరు పట్టి ఆమెను అందులో కూర్చోబెట్టారు. ఒకరు భుజం పడితే ఇంకొకరు మోకాలి కింద చెయ్యి వేశారు. ఒక్క మాట లేకుండా, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఆ పని ఎంత నున్నగా జరిగిపోయిందంటే, పొడుగాయన చేతిలో పెట్టె అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

"పెట్టెలు ఎన్నో అడగండి అత్తయ్యా" అంది పెద్దకోడలు.

అత్తగారు మెడ తిప్పింది. "ఎన్ని పెట్టెలే చిన్నమ్మాయ్?"

"ఒకటేనని చెప్పండి అత్తయ్యా."

"ఒకటేనట."

"భుజానున్న ఆ సంచీ లోపలికి పట్టుకెళ్ళొచ్చని చెప్పండి."

"వినిపించిందని చెప్పండి."

"ఒసే, నన్ను టెలిఫోను స్తంభం చేసి పారేశారు కదే ఇద్దరూ కలిసి" అని అత్తగారు విసుక్కుని, తల ఎత్తింది. ఎత్తిన తల ఇక దించలేదు. ఎదురుగా ఓడ ఉంది. పొగగొట్టం కాదు, మొత్తం ఓడ. వీధి మొత్తం నిలబెట్టినట్టు కిటికీల మీద కిటికీలు. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది.

పెద్దకోడలు పెట్టె పిడి పట్టుకుంది. చిన్నకోడలు తన చెయ్యి వెంటనే తియ్యలేదు. ఏదో అడగబోతున్నట్టు పెదవి కదిపింది. పెద్దకోడలు అది చూసింది. తనూ అడగవలసిన మాట ఒకటి నాలుక చివర ఉంది. రోజూ ముక్కూ మొహం తెలియని వందలమందిని అడిగే మాటే. కానీ అది అడగాలంటే ఆ మొహంలోకి చూడాలి. ముందు తనే నోరు విప్పాలి. అత్తగారి చేత అడిగిద్దామంటే ఆమె ఈ లోకంలో లేదు. 'అంత తెలివైన మనిషికి ఒకరు చెప్పాలా' అనుకుని పెద్దకోడలు తల వంచి, పిడికి చీటీ చుట్టి పిన్ను కొట్టేసింది. చిన్నకోడలు పెదవి బిగించి చెయ్యి తీసేసింది.

పెట్టెను రెండడుగులు లాగేసరికి అది ఎడమకి పోయింది. చక్రం ఒకటి బిగుసుకుపోయినట్టుంది. పెద్దకోడలు దాన్ని ఎత్తి పొడుగాయనకు అందించింది.

"దీన్ని పైన పెట్టు. మీద ఇంకేవీ వెయ్యకు. మా అత్తగారిది."

"అలాగా. మరి ఆ రెండో ఆవిడ?"

"ఆవిడ సామాను కూడా అందులోనే ఉంది" అంది పెద్దకోడలు. అతను పెట్టెను పైన పెట్టేశాడు.

కుర్చీ తోసుకుంటూ ఇద్దరూ గాజు తలుపుల్లోంచి లోపలికి వెళ్ళిపోయారు. పెద్దకోడలు ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళనీ పాస్‌పోర్టుల గురించి, మందుల గురించి గట్టిగా అడిగింది. మామూలుగా కన్నా గట్టిగానే అడిగింది. ఏదో లోటు పూడ్చుకుంటున్నట్టు.

కార్ల వరస పలచబడేసరికి మేస్త్రీ గాజు తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. వెనకాల చిన్నకోడలు కుర్చీ తోసుకుంటూ వస్తోంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. అత్తగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని మాట్లాడకుండా కూర్చుంది. ఓడ వైపు చూడడం లేదు. అది చూసి పెద్దకోడలికి ఎవరూ చెప్పకముందే సంగతి తెలిసిపోయింది.

"ప్రశ్నలమ్మా, ఈ పెట్టె తీసుకుంది నువ్వేనా?" అన్నాడు మేస్త్రీ. "వీళ్ళ పాస్‌పోర్టులు రెండూ అందులోనే ఉన్నాయట. గేటు మూసేలోగా చూపిస్తే ఓడ, లేకపోతే ఇల్లు. ఏం, అడగలేదా నువ్వు?"

పెద్దకోడలు నోరు తెరిచేలోగా చిన్నకోడలు అందుకుంది.

"అడిగిందండీ. రెండుసార్లు అడిగింది. నేనే వినిపించుకోలేదు."

పెద్దకోడలు ఆమె వైపు తిరిగింది. మూడేళ్ళలో మొదటిసారి నేరుగా ఆ మొహంలోకి చూసింది. కళ్ళ కింద నల్లబడింది. ముందు జుట్టు కాస్త నెరిసింది. అబద్ధం చెప్పడం ఇప్పటికీ చేతకాదు, చెవులు ఎర్రబడిపోయాయి.

"లేదు మేస్త్రీ గారూ. నేను అడగలేదు" అంది పెద్దకోడలు.

"అడిగిందండీ, ఈమె ఊరికే..."

"అడగలేదంటుంటే. ఈమెతో నాకు మాటల్లేవు. అందుకని అడగలేదు."

"నేనైనా అడగొచ్చు కదండీ. పాస్‌పోర్టులు తియ్యాలా అని అడుగుదామనే అనుకున్నాను. మా ఆఫీసులో ఒకామె చేతిసంచీ ఎవరో లాక్కుపోయారు, ఆ భయానికి పెట్టెలో పెట్టాను. పెట్టె కూడా మాతోనే వస్తుందనుకున్నాను, బస్సులో లాగా. అడగబోయి, నేనెందుకు ముందు మాట్లాడాలని ఊరుకున్నాను. తప్పు నాదే."

"నాది."

మేస్త్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రేవులో తప్పు ఎదుటివాడి మీదికి తోసేవాళ్ళనే చూశాడు గానీ, ఇలా లాక్కునేవాళ్ళను అతనెప్పుడూ చూడలేదు. "తప్పు తర్వాత పంచుకుందురు గాని. ముందు పెట్టె ఎక్కడుందో చెప్పండి. ఏ బోను?"

పొడుగాయన తల గోక్కున్నాడు. "మూడో బోనండీ. పైన పెట్టాను. మీద ఏమీ వెయ్యొద్దంది కదా."

మేస్త్రీ చెయ్యి నుదుటికి పోయింది. పెద్దకోడలికీ అప్పుడే తట్టింది. బోనులో పైనున్న పెట్టెలే ముందు దింపుతారు. అవే ముందు తనిఖీ అయి, ముందు ఓడలోకి పోతాయి. అడుగున వేసి ఉంటే ఈపాటికి ఇంకా గట్టు మీదే ఉండేది. అత్తగారి బట్టలు నలగకూడదని తీసుకున్న జాగ్రత్త ఇలా తిరగబడింది.

పొడుగాయనను బోనుల దగ్గర వదిలి, కుర్చీ తోసుకుంటూ నలుగురూ గట్టు వైపు వెళ్ళారు. అక్కడ ఓడ పక్కన నీటికి కాస్త పైన పెద్ద తలుపు తెరిచి ఉంటుంది. సామాను లోపలికి పోయేది దాంట్లోంచే. దాని ముందు కన్వేయర్ బెల్టు మీద పెట్టెలు గుర్రుమంటూ పోతున్నాయి. మేస్త్రీ తలుపులో నిలబడ్డ ఓడ మనిషిని కేక వేసి విషయం చెప్పాడు.

"గది నంబరు చెప్పారు, బాగానే ఉంది" అన్నాడు ఓడ మనిషి. "కానీ అది ఇంకా గది దాకా వెళ్ళలేదు. లిఫ్టుల దగ్గర గుట్టలుగా పడున్నాయి. చీటీలు చదువుతూ కూర్చుంటే తెల్లారుతుంది. ఎలా ఉంటుంది పెట్టె?"

"నీలం రంగు, పిడికి ఎర్ర రిబ్బను" అంది పెద్దకోడలు.

అతను నవ్వాడు. "అమ్మా, లోపల సగం పెట్టెలు నీలం, ముప్పావు పెట్టెలకి ఎర్ర రిబ్బను. తేలిగ్గా గుర్తుపట్టాలని అందరూ అదే కడతారు. ఇంకేదైనా చెప్పండి."

పెద్దకోడలు అలవాటు కొద్దీ అత్తగారి వైపు తిరిగింది. "ఇంకేమైనా గుర్తుందేమో అడగండి అత్తయ్యా."

అత్తగారు కుర్చీ చేతి మీద అరచేత్తో కొట్టింది. "నేనడగను. నోళ్ళు మీకున్నాయి."

ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరిగారు.

"చక్రం ఒకటి..." అంది చిన్నకోడలు.

"...తిరగదు" అంది పెద్దకోడలు. "ఎడమకి లాగుతుంది."

"అవును, ఎడమకే. పక్కింటావిడది అడిగి తెచ్చాను. అప్పటికే అంత."

"కొనుక్కోవచ్చు కదా ఒకటి."

"ఒక్క ప్రయాణానికి కొత్తదెందుకక్కా."

అక్కా అన్న పిలుపు ఎలా వచ్చిందో ఇద్దరికీ తెలియలేదు. ఓడ మనిషి మాత్రం చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "అది చెప్పండి మరి. అందర్నీ విసిగించిన పెట్టె ఒకటుంది, మావాడు దాన్ని తిట్టుకుంటూ లాగాడు. ఉండండి" అని లోపలికి మాయమయ్యాడు. మేస్త్రీ కస్టమ్స్ ఆఫీసరమ్మను పిలుచుకు రావడానికి వెళ్ళాడు. ఓడలోకి పోయిన పెట్టె మళ్ళీ గట్టు మీదికి దిగిందంటే ఆమె లేకుండా తెరవడానికి వీల్లేదు.

ముగ్గురూ మిగిలారు. అత్తగారిని నీడలోకి తోసి, కోడళ్ళిద్దరూ కుర్చీకి చెరో పక్క నిలబడ్డారు. బెల్టు మీద జనం పెట్టెలు పోతూనే ఉన్నాయి.

"పెద్దమ్మాయ్" అంది అత్తగారు కాసేపటికి. "దాన్ని నువ్వు తిట్టుకుంటూనే ఉన్నావు కదూ ఇన్నాళ్ళూ."

పెద్దకోడలు పోతున్న పెట్టెల వైపు చూసింది.

"అది నన్ను తీసుకుపోలేదే. నేనే రమ్మన్నాను. ఫోన్ చేసి, వచ్చి తీసుకుపో, నేనడిగానని మీ అక్కకి చెప్పొద్దు అన్నాను."

"అత్తయ్యా, ఇప్పుడెందుకండీ అవన్నీ" అంది చిన్నకోడలు గాభరాగా.

"ఇప్పుడే. ఓడ ఎక్కుతానో లేదో నాకు తెలియదు. ఎక్కితే దిగుతానో లేదో అదీ తెలియదు. నువ్వు నోరు మూసుకో." అత్తగారు పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది. "వాడు పోయాక నువ్వెలా ఉన్నావో నీకు గుర్తుందా? పని మానేశావు. గడప దాటలేదు. నా మంచం పక్కనే చాప. నేను దగ్గితే లేచేదానివి, దగ్గకపోతే ఊపిరి ఆడుతోందో లేదోనని లేచేదానివి. నాకు స్నానం, నాకు తిండి, నాకు మందులు. నీకంటూ ఏమీ లేదు. నేను పోయేదాకా నువ్వలాగే కూర్చునేదానివి. ఆ తర్వాత నువ్వూ లేచేదానివి కాదు. అది చూస్తూ నేనెలా ఉండనే?"

పెద్దకోడలు చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒక్కసారిగా కోపం వచ్చింది. అది చిన్నకోడలి మీద కాదు.

"నాతో చెప్పొచ్చుగా" అంది. "మూడేళ్ళత్తయ్యా. ఎవరికీ అక్కర్లేని మనిషినైపోయానని మూడేళ్ళు ఏడ్చాను."

"చెబితే పోనిచ్చేదానివా?"

"పోనిచ్చేదాన్ని కాదు" అంది పెద్దకోడలు.

"మరి?"

"మరి అంటే? అయినా చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే" అంది అత్తగారు. వాదించలేదు. మొదటిసారి ఆమె మొహం నిజంగా ముసలిదిలా కనిపించింది. "అదొక్కటి తప్పు చేశాను. దాని మీద నింద పడనిచ్చాను. ఎన్నిసార్లు చెప్పేస్తానందో ఇది. నేనే ఒట్టు పెట్టాను."

చిన్నకోడలు అటు తిరిగి నీళ్ళ వైపు చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి. పెద్దకోడలికి ఏం చెయ్యాలో తోచలేదు. వెళ్ళి పట్టుకోవాలనిపించింది గానీ మధ్యలో మూడేళ్ళు అడ్డం ఉన్నాయి. ఇంతలో ఎడమకి లాక్కుంటూ, పెద్దగా కీచుమంటూ పెట్టె వచ్చేసింది. దాని వెనక ఓడ మనిషి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఇదేనా మీ మొండిఘటం?"

కస్టమ్స్ ఆఫీసరమ్మ పొట్టిగా, గట్టిగా ఉంది. బల్ల మీద పెట్టించి, "తాళం తియ్యండి. అన్నీ నా ముందే తియ్యాలి" అంది. చిన్నకోడలు మూత ఎత్తింది. అన్నిటికన్నా పైన అత్తగారికి రాత్రిళ్ళు వేసే పెద్దవాళ్ళ డైపర్ల కట్ట ఉంది. అవతల పనివాళ్ళు నలుగురు నిలబడి చూస్తున్నారు. అత్తగారు తల దించుకుంది.

పెద్దకోడలు పెట్టెలోంచి తువ్వాలు లాగి, రెండు చేతులతో చాచి, బల్లకీ ఆ మనుషులకీ మధ్య తెరలా పట్టుకుని నిలబడింది. "ఇక్కడేం సినిమా నడవడం లేదు, మీ పని చూసుకోండి" అంది. వాళ్ళు చటుక్కున మొహాలు తిప్పేసుకున్నారు. ఆఫీసరమ్మ కూడా ఏమీ అనకుండా ఒకడుగు జరిగి, తన వీపు కూడా ఆ తెరకు కలిపింది.

"ఈ తువ్వాళ్ళ మధ్యే పెట్టాను. ఇక్కడే." చిన్నకోడలు వెతుకుతోంది. ఒక్కో మడతా విప్పుతోంది. "ఇక్కడే పెట్టానక్కా."

"కంగారు పడకు. మళ్ళీ సర్దావా?"

"పొద్దున సర్దాను. మూత పడలేదని అన్నీ తీసి..."

"తీసినప్పుడు పైనున్నవి కిందికి పోతాయి. అడుగున చూడు."

అడుగున, అత్తగారి ఉన్ని మేజోళ్ళ కింద, ప్లాస్టిక్ కవరులో రెండూ ఉన్నాయి. చిన్నకోడలు వాటిని గుండెకు హత్తుకుని, ఆఫీసరమ్మకు అందించింది. ఆఫీసరమ్మ రెండూ తెరిచి, మొహాలు చూసి, "వెళ్ళండి, పరిగెత్తండి. పెట్టె సంగతి నేను చూస్తాను" అంది.

పరుగంటే పరుగే. పెద్దకోడలు కుర్చీ తోసింది, చిన్నకోడలు ముందు పరిగెడుతూ జనాన్ని తప్పించింది. మేస్త్రీ ఎవరితోనో ఫోన్లో అరుస్తూ వెనకాల వచ్చాడు. కౌంటరులో అమ్మాయి అప్పటికే కంప్యూటరు కట్టేయబోతోంది. వీళ్ళను చూసి మళ్ళీ కూర్చుంది. పాస్‌పోర్టులు చూసింది, ఫొటోలు తీసింది, ఓడ కార్డులు చేతిలో పెట్టింది.

ఓడలోకి ఎక్కే వంతెన ముందు నేల మీద పసుపు గీత ఉంది. అది దాటి పెట్టెలవాళ్ళు వెళ్ళకూడదు. పెద్దకోడలు గీత దగ్గర కుర్చీ ఆపి, పిడులు చిన్నకోడలికి వదిలింది. వదిలి, మళ్ళీ పట్టుకుంది.

"రాత్రి లేపేటప్పుడు ఒక్కసారిగా లేపకు. ముందు పక్కకి తిప్పి, కాసేపు కూర్చోబెట్టి, అప్పుడు కాళ్ళు దింపాలి. నీళ్ళు గోరువెచ్చగా ఇవ్వాలి. కుడి చెవికి సరిగ్గా వినబడదు, ఎడమ వైపు నుంచి..."

"తెలుసక్కా" అంది చిన్నకోడలు మెల్లిగా. "మూడేళ్ళుగా నేనే కదా చూస్తున్నాను."

విసురుగా అనలేదు. ఉన్నమాట అంది. పెద్దకోడలు ఆగిపోయింది. ఒళ్ళంతా ఒకసారి ఖాళీ అయినట్టనిపించింది. తర్వాత ఆ ఖాళీలో కాస్త గాలి ఆడినట్టు కూడా అనిపించింది. చేతులు కుర్చీ మీంచి తీసేసింది.

"అవును. నీకే తెలుసు" అంది. "ఇప్పుడు నిద్ర పడుతోందా ఆవిడకి?" అని అడిగింది.

"పడుతోంది. తెల్లవారుజామున ఒకసారి లేస్తారు. లేచి మాట్లాడతారు."

"ఏం మాట్లాడతారు?"

"నీ గురించే ఎక్కువ. పెద్దది తిన్నదో లేదో అంటారు. నాకైతే ఒక్కోసారి ఒళ్ళు మండుకొస్తుంది. చేసేదంతా నేను, తలుచుకునేది నిన్ను."

"నా దగ్గరున్నప్పుడు నిన్నే తలుచుకునేవారు. చిన్నదాని చేతి వంట, చిన్నదాని చేతి వంట అని చంపేవారు. మోకాలికి ఇప్పుడేం రాస్తున్నావు?"

"నూనె మానేశామక్కా. పట్టీ వేస్తున్నాం. దానికి చర్మం ఎర్రబడితే..."

"ఎర్రబడిందా? ఎక్కడ, లోపలి వైపా?"

వంతెన కాపలావాడు దగ్గాడు. మేస్త్రీ చేతిగడియారం చూసుకున్నాడు. వీళ్ళిద్దరికీ చెవికెక్కలేదు. పట్టీ సంగతి అయింది, కళ్ళజోడు సంగతి మొదలైంది, మరిది గురక దగ్గరికి వచ్చింది. అత్తగారు ఇటు చూసి, అటు చూసి, కుర్చీ చక్రం తనే ఒక చేత్తో ముందుకు తోసుకుంది.

"ఒసే, మీ కబుర్లు దిగొచ్చాక చెప్పుకుందురు గాని. ముందు నన్ను ఓడ ఎక్కించండే."

చిన్నకోడలు గభాల్న పిడులు అందుకుంది. కుర్చీ గీత దాటి, వంతెన వాలు మీద పైకి సాగింది. అత్తగారు వెనక్కి తిరిగి చూడలేదు. మెడ వెనక్కి వంచి, ఆ కిటికీల వరసలనూ, తన కోసం తెరిచి ఉంచిన తలుపునూ, దాని లోపలి దీపాలనూ చూస్తూ పోయింది. తలుపు దగ్గర చిన్నకోడలు ఒక్క క్షణం ఆగి తిరిగి చూసింది. ఏదో అంది. గాలికి వినబడలేదు.

"ఏంటీ?" అని పెద్దకోడలు గీత మీద నిలబడి గట్టిగా అడిగింది.

"ఫోన్ చేస్తాను" అంది చిన్నకోడలు, ఈసారి వినబడేట్టు. "నేనే చేస్తాను."